గిటార్ సాధన మొదలుపెట్టాక రాత్రిళ్లు వేళ్లకు తిమ్మిరి.. మానేయాలా?

ప్రశ్న: నా వయసు 43. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కాలేజీ రోజుల నుంచి గిటార్ వాయిస్తున్నాను. ఆరు నెలలుగా ఫింగర్‌స్టైల్ జాజ్ నేర్చుకుంటున్నాను. తోడు వాద్యం లేకుండా బేస్ (కింది స్వరాలు), కార్డులు (ఒకేసారి కలిపి పలికే స్వరాలు), పాట మూడూ ఒక్క గిటార్ మీదే పలికించాలి. రోజూ రాత్రి రెండు గంటలు, ఆదివారం నాలుగు గంటలు కూర్చుంటాను. నెల రోజులుగా ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి. నిద్రలో ఆ చేతి బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. గిటార్ మానేయాలా?

సమాధానం: మానేయనవసరం లేదు. కానీ ఇప్పుడు వాయిస్తున్న తీరులో మాత్రం కొనసాగించకండి.

‘చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది’ అన్న మీ మాటే నాకు ఎక్కువ ఆధారం. తిమ్మిరెక్కుతున్న వేళ్లను కూడా కలిపి చూస్తే ఇది కార్పల్ టనల్ సిండ్రోమ్ కావచ్చు. మణికట్టు దగ్గర ఎముకలకూ, వాటిపై అడ్డంగా ఉండే గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన దారి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, మీడియన్ నరం అందులోంచే వెళ్లాలి. మణికట్టు వంచి వేళ్లను గట్టిగా నొక్కితే లోపల ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. నిద్రలో తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటాం కాబట్టి బాధ రాత్రి బయటపడుతుంది. తిమ్మిరి చిటికెన వేలిలో ఉండి ఉంటే మోచేతి దగ్గరి నరాన్ని అనుమానించేవాణ్ణి.

వాద్యకారులు వస్తే, గిటారైనా వీణైనా, వెంట తెచ్చుకోమంటాను. ఒకాయన నా ముందు కూర్చుని నాలుగు కార్డులు వాయించారు. గిటార్ మెడ వెనక ఆనించిన బొటనవేలి గోరు పాలలా తెల్లబడింది. వాయించడం ఆపి నాతో మాట్లాడుతున్నా ఆ తెలుపు పోలేదు. అంటే పట్టు సడలలేదు. ఆయన చెప్పిన నొప్పి కూడా మీలాగే బొటనవేలి మొదట్లోనే. కష్టమైన కార్డు వచ్చినప్పుడల్లా మనం తెలియకుండా పట్టు బిగిస్తాం. మీరు నేర్చుకునే సంగీతంలో అలాంటివి వరుసగా వస్తాయి.

ఈ రాత్రే ఒక పరీక్ష చేయండి. ఒక స్వరం నొక్కి మీటుతూ, వేలిని కొంచెం కొంచెంగా వదలండి. ఒకచోట తీగ గరగరమంటుంది. అక్కడి నుంచి రవ్వంత పెంచితే స్వరం మళ్లీ శుభ్రంగా పలుకుతుంది. కావలసిన బలం అంతే. మీరు రోజూ ఎంత ఎక్కువ పెడుతున్నారో మీకే తెలుస్తుంది. తీగలు మెట్లకు (ఫ్రెట్లకు) మరీ ఎత్తుగా ఉంటే మరమ్మతు చేసేవారి దగ్గర దించించండి. గిటార్ మెడ కొంచెం పైకి ఉండేలా పట్టుకుంటే మణికట్టు అంతగా వంగదు. పాదం కింద చిన్న పీట చాలు.

వేళ్లు బాగా చాచాల్సిన కార్డులను కొన్నాళ్లు మొదటి మెట్ల దగ్గర సాధన చేయకండి. 648 మిల్లీమీటర్ల తీగ పొడవున్న గిటార్‌లో మొదటి మెట్టు వెడల్పు సుమారు 36 మిల్లీమీటర్లు. ఐదో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కి పట్టే క్లిప్పు) బిగిస్తే ఆ పైమెట్టు 27 మాత్రమే. ఇంకో మాట, జాజ్‌లో కార్డు స్వరాలన్నీ పట్టుకుని తీరాలన్న నియమం లేదు. చాలాచోట్ల పంచమం వదిలేసినా కార్డు స్వభావం చెడదు. ప్రసిద్ధ జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు 1928లో బండికి మంటలంటుకుని కాలి ముడుచుకుపోయాయి. ఆయన సోలోలు చాలావరకు మిగిలిన రెండు వేళ్లతోనే వాయించారు, కార్డులను తన చేతికి తగ్గట్టు మార్చుకున్నారు. మీ చేతికి అందని చోట ఒక స్వరం తీసేయడానికి మొహమాటపడకండి.

సాధన 20 నిమిషాలు, తర్వాత ఐదు నిమిషాలు విరామం. మొదటి రెండు వారాలు రోజుకు రెండు విడతలకు మించవద్దు. నేర్చుకున్న కదలిక నిద్రలో కూడా మెదడులో కుదురుకుంటుంది, కాబట్టి ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కన్నా రోజూ కొంచెం వాయించడం మేలు. మిగతా సమయంలో గిటార్ లేకుండా పాటను మనసులో నడపండి. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం సాధనకు కూర్చోవద్దు. ఆగమని చెప్పే నొప్పినే అది కప్పేస్తుంది.

రాత్రి పడుకునేటప్పుడు మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ ఆరు వారాలు వాడండి. బిగుతుగా కట్టకండి. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారిలో ఈ సమస్య ఎక్కువ. ఆరు వారాల్లో తగ్గకపోతే నరంలో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో చూసే నెర్వ్ కండక్షన్ పరీక్ష చేసి, ఇంజెక్షనా, చిన్న శస్త్రచికిత్సా అన్నది నిర్ణయిస్తారు.

పగలు కూడా తిమ్మిరి వదలకపోయినా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైనా, బొటనవేలి మొదట్లోని కండ పలచబడినా ఆరు వారాలు ఆగకండి. నొప్పి లేకుండా, వాయించేటప్పుడు మాత్రమే ఏదైనా వేలు తనంతట తాను ముడుచుకుపోతే అది ఫోకల్ డిస్టోనియా, అంటే కండరాల కదలికపై మెదడు అదుపు తప్పే సమస్య కావచ్చు. సాధన పెంచితే అది ఇంకా ముదురుతుంది. వెంటనే న్యూరాలజిస్టును కలవండి. ఎవరి దగ్గరికి వెళ్లినా గిటార్ వెంట తీసుకెళ్లి, మీకు బాగా కష్టమనిపించిన కార్డునే వాయించి చూపించండి.