మిగిలిన కిడ్నీ పెద్దదైంది, అది వాపేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, రెండేళ్ల కింద మా నాన్న బాబాయికి కిడ్నీ ఇచ్చారు. మొన్న స్కాన్‌లో మిగిలిన కిడ్నీ సైజు పెరిగిందని రాశారు. ఇంట్లో ఒకటే టెన్షన్. జన్యువులు మారిపోతాయని ఎవరో అన్నారు, నిజమేనా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వాపును చూసి బలుపు అనుకోవడం మామూలు సామెత, మీ ఇంట్లో అది తిరగబడింది, బలుపును చూసి వాపనుకుంటున్నారు! జన్యువులేం మారవమ్మా. ఏ జన్యువు ఎంత పనిచేస్తుందన్నదే మారుతుంది. ఒక కిడ్నీ తీసేయగానే రెండోదానికి రక్తం ఎక్కువగా వచ్చి వడపోత పెరుగుతుంది, ఆ పనిభారానికి కిడ్నీలోని సన్నటి నాళికల కణాల్లో ఎంటార్ అనే స్విచ్ లాంటి వ్యవస్థ హుషారై రైబోజోములను (కణంలో ప్రొటీన్లు తయారుచేసే చిన్న యంత్రాలు), ప్రొటీన్లను ఎక్కువగా తయారుచేయిస్తుంది, దాంతో కణం లావెక్కుతుంది. ఎలుకలకు రాపమైసిన్ ఇచ్చి ఈ స్విచ్‌ను నొక్కేస్తే కిడ్నీ అంతగా పెరగలేదు. (ఆ మందునే సిరోలిమస్ పేరుతో కిడ్నీ మార్పిడి చేయించుకున్న కొందరికి ఇస్తారు.)

పెద్దవాళ్లలో కణాల సంఖ్య కన్నా వాటి సైజే ఎక్కువ పెరుగుతుంది. కొత్త నెఫ్రాన్లు (రక్తాన్ని వడపోసే చిన్న చిన్న యూనిట్లు) మాత్రం పుట్టవు, ఆ లెక్క తల్లి కడుపులోనే ముగిసిపోతుంది. అయినా వడపోత సగానికి పడిపోకుండా, దానానికి ముందున్న దానిలో సుమారు 60-70 శాతం దగ్గర నిలుస్తుంది.

రిపోర్టులో కిడ్నీలో నీరు నిలిచిందని ఉంటే మాత్రం వెంటనే చూపించండి. ఏటా బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు మానొద్దు. ఒళ్లునొప్పులకు మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేసుకునే అలవాటుంటే ఈరోజే మాన్పించండి.