బెంగళూరులో చర్చి పూజకి వెళ్తున్నా మనసు నిలవడం లేదన్న తమ్ముడికి

తమ్ముడూ, గుంటూరు నుంచి వచ్చాక వారానికో చర్చికి వెళ్తున్నానని, ఇంగ్లిష్ పూజలో మనసు నిలవడం లేదని, పలకరించే మనిషే లేరని రాశావు. ముందు చర్చిలు మారడం ఆపు. శివాజీనగర్ బసిలికా చర్చికి, వివేక్‌నగర్ బాలయేసు చర్చికి అప్పుడప్పుడు వెళ్లు, తప్పకుండా వెళ్లు. కానీ నీ విచారణ, అంటే నువ్వు చెందే స్థానిక చర్చి, ఏదనేది నువ్వుండే వీధిని బట్టి ఉంటుంది. ఈ ఆదివారం అక్కడికే వెళ్లి, పూజ అయ్యాక విచారణ గురువుల్ని (అక్కడి ఫాదర్‌ని) కలిసి, మీ వీధివాళ్ల కుటుంబ ప్రార్థన ఎప్పుడు, ఎవరింట్లో జరుగుతుందో అడుగు. ఆ ఇంటి హాల్లో చాప మీద కూర్చుని జపమాల చెప్పుకున్నాక, టీ తాగేలోపే నీ ఊరు, ఉద్యోగం అన్నీ అడిగేస్తారు.

ఇక భాష సంగతి. ఆదివారం పూజలో చదివే బైబిల్ పఠనాలు మూడేళ్ల క్రమంలో వస్తాయి. బెంగళూరులో చదివేవే గుంటూరులోనూ చదువుతారు. శనివారం రాత్రి మొదటి పఠనం, కీర్తన, రెండో పఠనం, సువార్త తెలుగు బైబిల్లో నెమ్మదిగా చదువుకో. మర్నాడు ఇంగ్లిష్‌లో విన్నా అవి నీ మాటల్లోనే లోపలికి వెళ్తాయి.

ప్రార్థన ఎండిపోయిందన్నావే, దానికి నాకు తెలిసిన మంచి దారి సేవ. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఒజానమ్, తోటి విద్యార్థులు మొదలుపెట్టిన విన్సెంట్ డి పాల్ సొసైటీ చాలా విచారణల్లో ఉంది. వాళ్లతో కలిసి పేదల ఇళ్లకి వెళ్లు. పాపసంకీర్తనం, అంటే గురువుల దగ్గర పాపాలు ఒప్పుకోవడం, చేసి చాలా రోజులైతే అదీ ఈ వారమే చేసుకో.