తోలుబొమ్మల వ్యాపారంలోకి దిగుతున్న మేనకోడలికి

అనంతపురం

చిరంజీవి కోడలికి,

మీ మేనత్త ఆశీర్వదించి రాయునది. నిన్న రాత్రి మీ నాయన ఫోను చేసి, నువ్వు కడపలో కాలేజీ ఉద్యోగం మానుకొని, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలూ ల్యాంప్‌షేడ్లూ ఆన్‌లైన్ వేలంలో విదేశాలకు అమ్మాలనుకుంటున్నావని చెప్పాడు. నేను నీకు నచ్చజెప్పి మాన్పించాలని వాడి కోరిక. ఆ పని నా వల్ల కాదని చెప్పి ఫోను పెట్టేశాను గానీ, తర్వాత నాకు నిద్ర పట్టలేదు. నా తర్వాత మన ఇంట్లో ఆ తోలు చేతితో పట్టుకొని, వెలుతురుకు ఎత్తి చూసి, దాని వెల అడిగినదానివి నువ్వొక్కతెవే కనుక గర్వంగా ఉంది. నా కోపం కూడా నీకే వచ్చింది కనుక భయంగా ఉంది.

ఎగుమతి దిగుమతి కోడ్ తీసుకో, దరఖాస్తు రుసుము ఐదు వందలే. జీఎస్టీ సంగతి ఆడిటరును అడుగు. ఫోటోలు పొద్దుటి వెలుతురులో తియ్యి. ఇవి నీకు తెలియనివి కావు, వీటి కోసం ఉత్తరం రాయనక్కరలేదు.

నేను చెప్పదలచుకున్నది సైటువాళ్ళు తీసుకునే ఫీజుల గురించీ, కొన్నవాళ్ళు మన గురించి మంచి చెడ్డా రాసే ఫీడ్‌బ్యాక్ గురించీ. ఈ రెండూ వేర్వేరు విషయాలని అందరూ అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఫీజులు రెండు రకాలు. వస్తువును వేలానికి పెట్టినందుకు కట్టే ఫీజు ఒకటి, అమ్ముడైన తర్వాత ధరలో వాళ్ళు తీసుకునే కమీషన్ ఒకటి. 2008లో అమెరికా వేలం సైటు ఈబే మొదటిదాన్ని కొన్ని సెంట్లు తగ్గించి రెండోదాన్ని పెంచింది. తొలి 25 డాలర్ల మీద 5.25 శాతంగా ఉన్న కమీషన్ 8.75 శాతమైంది. 25 డాలర్లకు పోయిన బొమ్మ మీద 1 డాలరు 31 సెంట్లు కట్టేవాళ్ళు 2 డాలర్ల 19 సెంట్లు కట్టవలసి వచ్చింది. ఆ ఫిబ్రవరిలో చాలామంది అమ్మకందార్లు వారం రోజులు వస్తువులు పెట్టకుండా నిరసన తెలిపినా కమీషన్ మాత్రం వెనక్కి తగ్గలేదు. వందలకొద్దీ పెట్టి అందులో కొన్నే అమ్ముకునేవాళ్ళకు ఆ మార్పు మేలు చేసింది. నీలాగా పది పెట్టి, ఆ పదీ అమ్ముకుంటేనే బతకగలిగేవాళ్ళకు మాత్రం అది కోతే. ఎప్పుడు ఏ సైటు ఫీజులు మార్చినా ముందు ఈ లెక్క వేసి చూసుకో. తగ్గించామన్న మాట ఎక్కడుందో కాదు, నీ పది బొమ్మల మీద చివరికి ఎంత పోతుందో చూడు.

2011 జూలై నుంచి ఈబేలో పోస్టేజీ మీద కూడా కమీషన్ పడింది. అమెరికాలో ఉండి పక్క రాష్ట్రానికి పంపేవాళ్ళకు అది చిల్లర కావచ్చు, మనకు పోస్టేజీ ఒక్కోసారి బొమ్మ ధరలో సగం దాటుతుంది. కమీషన్ 13 శాతం అనుకో. 25 డాలర్ల బొమ్మకు 15 డాలర్ల పోస్టేజీ అయితే నువ్వు కట్టేది 25 మీద కాదు, 40 మీద. అంటే 3 డాలర్ల 25 సెంట్లు కాదు, 5 డాలర్ల 20 సెంట్లు. దూరంగా ఉన్నందుకు రెండుసార్లు కట్టినట్టే అవుతుంది. దీనికి తోడు 2025 ఆగస్టు 29 నుంచి, 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉండిన సుంకం మినహాయింపును అమెరికా ఎత్తివేసింది. ముందే చెప్పకపోతే, గుమ్మం దగ్గర సుంకం కట్టమన్నప్పుడు ఆ కొన్న మనిషికి వచ్చే కోపమంతా నీ ఫీడ్‌బ్యాక్ మీదే పడుతుంది. వస్తువు వివరంలో మొదటి వరుసలోనే ఆ మాట రాయి.

ఇక నా తప్పు సంగతి. మీ నాయనకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను అమ్ముకున్న సైటు పేరుతో నీకు పనిలేదు. అక్కడా ఒక ఏడాది కమీషన్ పెరిగింది. ఆ పెరిగినదాన్ని ఎక్కడినుంచి తేవాలా అని నెల రోజులు ఆలోచించాను. ధర పెంచితే వేలానికి ఎవరూ రారేమోనని భయం, బొమ్మ చేసిన ఆయనకు ఇచ్చేది తగ్గించడానికి మనసు రాలేదు. చివరికి ప్యాకింగ్‌లో తగ్గించాను. అంతకుముందు బొమ్మను రెండు అట్టల మధ్య చదునుగా పెట్టి, చుట్టూ ప్లాస్టిక్ కవరు వేసి పంపేదాన్ని. ఆ తర్వాత చుట్టగా చుట్టి గొట్టంలో పెట్టి పంపడం మొదలుపెట్టాను, పోస్టేజీ బాగా తగ్గింది. మేకతోలు ఎలాంటిదో నీకు తెలుసు కదా, గీసి గీసి వెలుతురు పారేలా పలచన చేసిన తోలు అది, చెమ్మ తగిలితే ముడుచుకుంటుంది. నేను పంపింది వానాకాలంలో. రెండడుగుల హనుమంతుడు అక్కడికి చేరేసరికి తోక, చేతులు వంకరలు తిరిగి ఉన్నాడట.

ఆ కొన్నాయన ముందు నాకు మెయిలు రాశాడు. తప్పు పట్టలేదు. దీన్ని ఎలా చదును చెయ్యాలి, నీళ్ళు తగలనివ్వవచ్చా అని మాత్రమే అడిగాడు. నేను అప్పట్లో శనివారం శనివారం మాత్రమే నెట్ సెంటరుకు పోయేదాన్ని. ఆ శనివారం ఇంట్లో శ్రాద్ధం ఉండి పోలేదు. మరుసటి శనివారం కూర్చొని తెరిచేసరికి ఆయన నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఇచ్చేసి ఉన్నాడు. నేను ముందు మెయిలు చూడలేదమ్మా. ఎర్రగుర్తు చూశాను. ఒళ్ళు మండిపోయింది. 2008 మే నుంచి ఈబేలో అమ్మేవాళ్ళు కొన్నవాళ్ళకు చెడ్డ ఫీడ్‌బ్యాక్ ఇవ్వడానికి వీల్లేకుండా చేశారు. మేము కక్ష తీర్చుకుంటామని కొనేవాళ్ళు నిజం రాయడానికి భయపడుతున్నారన్నది వాళ్ళు చెప్పిన కారణం. నేనున్న చోటా అదే పద్ధతి. ఆ కారణంలో న్యాయం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను, ఆ రోజు మాత్రం నా చేతులు కట్టేసినట్టు అనిపించింది. మిగిలింది ఆయన మాట కింద జవాబు రాసుకునే గడి ఒక్కటే. అందులో, ఈయన అబద్ధమాడుతున్నాడు, ఉచితంగా బొమ్మ కొట్టేయాలని చూస్తున్నాడు, నమ్మకండి అని రాశాను. డబ్బు కట్టి, బయటికి వచ్చి, సప్తగిరి సర్కిల్ దాకా నడిచాను. ఆ తర్వాతి వారం గానీ ఆయన పంపిన పాత మెయిలు నా కంటబడలేదు. ఆ మెయిలు చివర, బొమ్మ తన మనవడి గదిలో కిటికీకి కడతానని రాసి ఉంది.

అప్పటికి ఆ పన్నెండు నెలల్లో నాకు ఉన్నవి 23 మంచి ఫీడ్‌బ్యాక్‌లు. ఒకటి చెడ్డది కలిసేసరికి నా శాతం 95.8కి పడిపోయింది. అదే 2,400 అమ్మినవాడికి ఒక్క చెడ్డది వస్తే 99.96 దగ్గర ఉంటాడు, ఎవరి కంటా పడదు. గత పన్నెండు నెలలనే లెక్కకు తీసుకునే పద్ధతిలో తక్కువ అమ్మేవాళ్ళ మీద పడే బరువు ఇది. అయినా నన్ను ముంచింది ఆ శాతం కాదనే నా నమ్మకం. ఆ గుర్తును నొక్కి చూసిన ప్రతి ఒక్కరికీ దాని కింద నా జవాబు కనబడేది. కొనడానికి వచ్చినవాళ్ళు ఆయన ఏమన్నాడో కాదు, నేను ఎలాంటి మనిషినో చదువుకొని వెళ్ళిపోయారు. ఆ తర్వాత పెట్టిన వేలాల్లో రెండింటికి ఒక్కరే పాట పాడారు, మిగిలినవాటికి ఎవరూ రాలేదు.

నిమ్మలకుంటలో నా కోసం అప్పటికే పన్నెండు ల్యాంప్‌షేడ్లు సిద్ధమయ్యాయి. అవి చేసినాయనకు డబ్బు ఇవ్వడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు, నేను కూడా ఆ ఊరివైపు పోలేదు. 2020లో ఆ ఊరి తోలుబొమ్మల కళాకారులు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ వచ్చిందని పేపర్లో చదివినప్పుడు ఊరంతటి కోసం సంతోషించాను, పేపరు మడిచి పక్కన పెట్టి కాసేపు ఏడ్చాను కూడా.

కాబట్టి, ఫీజు పెరిగిన రోజున ఆ కోత ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న నీకూ వస్తుంది. ధర మీదే పెట్టు. పాడేవాళ్ళు తగ్గితే తగ్గనీ, నెలకు మూడు బొమ్మలు తక్కువ అమ్ము. అట్టలో, కవరులో, బొమ్మ చేసేవాళ్ళకు ఇచ్చే డబ్బులో మాత్రం ఒక్క రూపాయి తగ్గించకు. వానాకాలంలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల వెయ్యి. ఎవరైనా చెడ్డ ఫీడ్‌బ్యాక్ ఇస్తే ఆ రోజు ఏమీ రాయకు, నీ కోపం నాకు తెలుసు, ఎనిమిదో తరగతిలో లెక్కల పేపరు చించి టీచరు బల్ల మీద పెట్టి వచ్చినదానివి. మరునాడు పొద్దున అతనికి విడిగా మెయిలు రాయి, డబ్బు వెనక్కి ఇవ్వు, అతను శాంతించాక ఫీడ్‌బ్యాక్ మార్చమని మర్యాదగా ఒకసారి అడుగు. చాలా సైట్లలో ఆ వీలుంది. మార్చకపోతే, కింద రాసే జవాబు రెండు వాక్యాలు దాటకుండా, ఏం జరిగిందో, నువ్వేం సరిదిద్దావో మాత్రమే రాయి. మెయిలు ప్రతిరోజూ చూడు. నీకు ఫోను చేతిలోనే ఉంది, నెట్ సెంటరుకు పోనక్కరలేదు, నీకు ఆ సాకు లేదు.

ఒకే సైటును నమ్ముకొని ఉద్యోగం మానడం నాకు ఇష్టం లేదని కూడా చెప్పాలి. ఈబే 2004లో బాజీ అనే ఇక్కడి వేలం సైటును కొని మన దేశంలో అడుగుపెట్టింది, 2018 ఆగస్టు 14న ఈబే ఇండియా మూతపడింది. అక్కడ ఏళ్ళ తరబడి పోగుచేసుకున్న ఫీడ్‌బ్యాక్ ఎవరూ మూటగట్టుకొని ఇంకో దుకాణానికి తీసుకుపోలేకపోయారు. ఒక ఏడాది ఉద్యోగం చేస్తూ అమ్మి చూడు. మీ నాయనకు నేను చెప్పిన మాట కూడా ఇదే, వాడు దీనికి ఒప్పుకున్నాడు.

ఆ పన్నెండు ల్యాంప్‌షేడ్లలో రెండు ఇంకా మా ముందు గదిలో ఉన్నాయి, ఒకదాని మీద నెమలి, ఒకదాని మీద సీతమ్మవారు. రంగు ఏమాత్రం వెలవలేదు. ఫోటోలకు అవి నీవే. వచ్చే ఆదివారం గుత్తి మీదుగా వచ్చే రైలెక్కి రా, సోమవారం పొద్దున్నే ధర్మవరం బస్సు పట్టుకొని నిమ్మలకుంట పోదాం. ఆ ల్యాంప్‌షేడ్లు చేసినాయన ఇప్పుడు లేడు, కొడుకు చేస్తున్నాడు. అడ్వాన్సు నువ్వు ఇవ్వు, నేను పక్కన నిలబడతాను.

ఇట్లు
మీ అత్త