సర్కారు పనిలో మనవాళ్ళు ఎంతమంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. ప్రభుత్వ డబ్బుతో మన జిల్లాలో పని జరుగుతుంటే అందులో మన పిల్లలకు చోటెందుకు దొరకడం లేదని అడిగారు. అందుకే ఈ సంచికలో వాటికే జవాబులు.

ప్రశ్న: మా ఊరి పక్కనే ప్రభుత్వ భవనం కడుతున్నారు. సైట్లో ఉన్నవాళ్ళంతా బయటి రాష్ట్రాల వాళ్ళే. మా కుర్రాళ్ళు వెళ్ళి అడిగితే ‘గ్యాంగు ఉంది, అవసరం లేదు’ అని గేటు దగ్గరే పంపేశారు. 75 శాతం లోకల్ వాళ్ళకే ఇవ్వాలని చట్టం ఉంది కదా సార్, దాని కింద కేసు పెట్టొచ్చా?
— ఒక పాఠకుడు, రేణిగుంట మండలం

జవాబు: మీరు చెప్పే చట్టం మన ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చింది. అది పరిశ్రమలు, ఫ్యాక్టరీల గురించి. శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఉన్న ఫ్యాక్టరీని ఆ చట్టం పేరు చెప్పి అడగొచ్చు గానీ, కాంట్రాక్టరు కట్టే ప్రభుత్వ భవనానికి అది నేరుగా అతకదు. పైగా దాన్ని హైకోర్టులో సవాలు చేశారు. ఇలాంటిదే హర్యానా చేసుకుంటే 2023 నవంబరులో పంజాబ్-హర్యానా హైకోర్టు కొట్టేసింది. కాబట్టి 75 అనే అంకె పట్టుకుని గేటు దగ్గర గొడవకు దిగితే మీ చేతికి ఏమీ రాదు, కుర్రాళ్ళ మీద కేసులు తప్ప.

కానీ ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. ఎంతమంది స్థానికులను తీసుకున్నారో మూడు నెలలకోసారి లెక్క పంపాలి, పని తెలిసినవాళ్ళు దొరక్కపోతే మూడేళ్ళలో నేర్పించి తీసుకోవాలి. శాతం ఎంతైనా రాసుకోవచ్చు, లెక్క అడిగేవాడు లేకపోతే దానికి విలువ లేదు. మనం అడగాల్సింది ఆ లెక్కనే.

మీ సైటుకు సంబంధించినంతవరకు కాంట్రాక్టరును కట్టిపడేసేది అతను సంతకం చేసిన ఒప్పందం. పని ఏ శాఖదో సైటు బోర్డు మీద ఉంటుంది. ఆ శాఖ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో ఫీజు పది రూపాయలే (మండల స్థాయి ఆఫీసైతే ఐదు, గ్రామ స్థాయిలో అసలు ఫీజే లేదు), జవాబుకు గడువు 30 రోజులు. ‘మా వాళ్ళనెందుకు తీసుకోలేదు’ అని మాత్రం రాయొద్దు. సమాచార హక్కు చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్న కాగితమే, కారణాలు కాదు. ఒప్పందం నకలు అడగండి, అందులో కార్మికులకు సంబంధించిన షరతులు అడగండి, కాంట్రాక్టరు లేబర్ లైసెన్సు, గత మూడు నెలల పీఎఫ్ చలానాలు, పనిచేసినవాళ్ళ సంఖ్య మండలాల వారీగా, పని రకం వారీగా అడగండి. పేర్లు, ఆధార్ నంబర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. సంఖ్యలకు ఆ అడ్డు లేదు.

చాలామటుకు ‘అట్లాంటి లెక్క మా దగ్గర లేదు’ అని జవాబొస్తుంది. దాన్ని పారేయకండి. మస్టరు కాగితం, అంటే కూలీల హాజరు పట్టీ, ఎప్పుడైనా దగ్గర పెట్టుకుని చూశారా? వరుస నంబరు, పేరు, తండ్రి పేరు, పని రకం, రోజుకొకటి చొప్పున 31 గడులు, చివర సంతకమో వేలిముద్రో. ఊరు పేరుకు గడి ఉండదు, ఉన్నా ఖాళీగా వదిలేస్తారు. ఇదే కాంట్రాక్టరు పీఎఫ్ పరిధిలో ఉంటే ప్రతి నెలా 15వ తేదీలోపు ఒక్కో కూలీ పేరు మీద లెక్క పంపుతున్నాడు, ఎందుకంటే పంపకపోతే వడ్డీ, జరిమానా పడతాయి. పేరుపేరునా లెక్క రాయడం అతనికి కొత్తేమీ కాదన్నమాట. దానికి ఊరు, మండలం అని రెండు గడులు కలిపి, పని జరిగేకొద్దీ పెట్టే రన్నింగ్ బిల్లుతో పాటు ఇవ్వాలని ఒప్పందంలో ఒక్క వాక్యం రాస్తే సరిపోతుంది. లేదని ఇచ్చిన ఆ కాగితం జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో ఇదే అర్జీ పెట్టండి. ఒక్కరే వెళ్ళొద్దు, సర్పంచ్‌నీ పని కావాలనే పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్ళండి.

ప్రశ్న: నేను చిన్న కాంట్రాక్టరును. లోకల్ వాళ్ళను పెట్టుకోమంటారు సరే, సెంట్రింగుకు, రాడ్ బెండింగుకు మనవాళ్ళు దొరకరు, దొరికినా పండగొస్తే వారం రోజులు కనపడరు. గడువు దాటితే జరిమానా నాకే కదా. అసలు ముందు టెండర్లు లోకల్ కాంట్రాక్టర్లకే ఇవ్వొచ్చు కదా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రెండో మాట ముందు చెప్తాను. బయటివాళ్ళు టెండరే వేయకూడదంటే కోర్టులో నిలబడటం కష్టం. ఛత్తీస్‌గఢ్‌లో క్రీడా సామగ్రి టెండరుకు, ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే గతంలో సరఫరా చేసి ఉండాలని షరతు పెడితే 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. పెద్ద పనిని చిన్న ప్యాకేజీలుగా విడగొట్టమని అడగండి, మీలాంటివాళ్ళకు అదే నిజంగా పనికొచ్చేది.

ఇక మొదటి మాట. మీ ఇబ్బంది నిజం, నేను కాదనను. కానీ ‘దొరకరు’ అనే మాట నోటితో చెప్తే ఎవరూ నమ్మరు, కాగితం మీద ఉంటే నమ్మక తప్పదు. ఫలానా తేదీన పంచాయతీ ఆఫీసులో నోటీసు పెట్టాను, ఇంతమంది వచ్చారు, రాడ్ బెండింగు తెలిసినవాళ్ళు లేరు, ఇంత కూలి ఇస్తానన్నాను అని రాసి శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)కి ఇచ్చి రసీదు తీసుకోండి. అది మిమ్మల్నీ కాపాడుతుంది, ఏ పని నేర్పించాలో నైపుణ్యాభివృద్ధి సంస్థకూ తెలుస్తుంది. ఒక్కటి మాత్రం నిజాయితీగా రాయండి: మీరు ఇస్తానన్న కూలి ఎంత? చాలాచోట్ల మనవాళ్ళు రాకపోవడానికి కారణం బద్ధకం కాదు, ఆ కూలికి రోజూ బస్సు ఛార్జీ పెట్టుకుని రావడం గిట్టకపోవడం.

ప్రశ్న: ఒక ఆస్పత్రిలో ఔట్‌సోర్సింగ్ మీద హౌస్‌కీపింగ్ చేస్తున్నాను. ఏజెన్సీ మారింది, కొత్తవాళ్ళు వాళ్ళ మనుషుల్ని తెచ్చుకుంటారట. పాత ఏజెన్సీ రెండు నెలల జీతం ఎగ్గొట్టింది. చాలా టెన్షన్‌గా ఉంది సార్, స్థానికురాలిని కాబట్టి నన్ను తీసేయకూడదని అడగొచ్చా?
— ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: అమ్మా, ముందు జీతం సంగతి చూద్దాం. కాంట్రాక్టరు ఎగ్గొడితే ఆ పని చేయించుకున్న సంస్థే కార్మికులకు చెల్లించి, తర్వాత కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. ఇది 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం నుంచీ ఉన్నదే, కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది. అందుకని ఏజెన్సీ చుట్టూ తిరక్కుండా ఆస్పత్రి సూపరింటెండెంటుకూ లేబర్ ఆఫీసుకూ ఒకే రోజు అర్జీలు ఇవ్వండి. మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ) నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్ తీసి చూడండి, ఆ రెండు నెలలు జమ పడకపోతే ఆ కాగితం కూడా జతచేయండి. జీతంలో కోసి పీఎఫ్‌లో కట్టకపోవడం నేరం.

స్థానికురాలిననే ఒక్క కారణంతో ఉద్యోగం నిలుస్తుందని మిమ్మల్ని ఆశపెట్టలేను. కొత్త ఒప్పందంలో పాత సిబ్బందిని కొనసాగించాలనే షరతు ఉందేమో వెంటనే కనుక్కోండి, ఉంటే అదే మీకు బలం. ఇలాంటి ఏజెన్సీల బెడద తప్పించడానికే రాష్ట్రం 2019లో ఆప్కాస్ అనే ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థను పెట్టింది. అందులో సగం ఉద్యోగాలు మహిళలకని కూడా చెప్పింది. ఏజెన్సీల చేతిలో మిగిలిపోయిన మీలాంటివాళ్ళకు ఆ పాటి భరోసా కూడా లేకపోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ప్రశ్న: మా అన్న అమెరికాలో ఉంటాడు. అక్కడ ప్రభుత్వ పనుల్లో లోకల్ వాళ్ళకు ఎంత ఇచ్చారో కచ్చితంగా లెక్క చూపాలంటాడు. నిజమేనా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అన్ని చోట్లా కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరం సంగతి చెప్తాను. అక్కడ మొదట్లో కాంట్రాక్టరు ‘మనస్ఫూర్తిగా ప్రయత్నించాలి’ అనే నిబంధన ఉండేది, లక్ష్యం మాత్రం అందలేదు. 2010లో దాన్ని తప్పనిసరి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చారు. మొదటి ఏడాది 20 శాతం. అందులో గమనించాల్సింది, లెక్క తలల మీద కాదు, పని గంటల మీద, అదీ ఒక్కో పని రకానికి విడివిడిగా. అంటే పదిమంది లోకల్ వాళ్ళను రెండు రోజులు పారపనికి పిలిచి, నైపుణ్యం ఉన్న పనంతా బయటివాళ్ళతో చేయించుకుని లెక్క సరిపెట్టడం కుదరదు. మన దగ్గర కూడా సంఖ్య అడిగినప్పుడు పనిదినాలు ఎన్ని అని అడగాలి.

అట్లాగని అమెరికాలో అన్నీ చెల్లలేదు. అలాస్కా రాష్ట్రం చమురు, పైపులైన్ పనుల్లో తనవాళ్ళకే ముందు అవకాశమని చేసుకున్న చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1978లో కొట్టేసింది.

ప్రశ్న: నేను కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగళూరు వెళ్ళి పని చేసుకుంటున్నాను. మీరు లోకల్ లోకల్ అని రాస్తుంటే భయమేస్తోంది. అక్కడివాళ్ళూ ఇదే అంటే మా గతేంటి?
— ఒక పాఠకుడు, కుప్పం

జవాబు: మీ భయంలో అర్థముంది. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు ఉద్యోగాల్లో మేనేజ్‌మెంట్ స్థాయిలో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం స్థానికులకని బిల్లుకు సరే అని, గొడవయ్యాక పక్కన పెట్టింది. అది వచ్చుంటే కుప్పం, పలమనేరు వాళ్ళకే ముందు దెబ్బ. అందుకే నేను బయటివాళ్ళను పంపేయమని ఎప్పుడూ రాయను. రేణిగుంట దగ్గర రేకుల షెడ్డులో పడుకునే ఒడిశా కుర్రాడు కూడా అడ్వాన్సు తీసుకుని ఇరుక్కున్నవాడే, అతనికీ కనీస వేతనం, పీఎఫ్ అందాల్సిందే. అతనికి తక్కువ ఇచ్చి మిగుల్చుకోవచ్చు కాబట్టే మనవాణ్ణి గేటు దగ్గర ఆపుతున్నారు. ఇద్దరికీ ఒకే కూలి పడితే కాంట్రాక్టరుకు అంత దూరం నుంచి మనుషుల్ని తేవడంలో పెద్ద లాభం ఉండదు.

ప్రశ్న: ఉండేది నగరిలో, పదో తరగతి వరకు చదివింది తిరుత్తణిలో. నేను లోకలా, నాన్‌లోకలా?
— ఒక పాఠకురాలు, నగరి

జవాబు: సర్కారు ఉద్యోగానికైతే రాజ్యాంగం 371-డి అధికరణ కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల లెక్క, అది ప్రధానంగా మీరు ఎక్కడ చదివారన్నది చూస్తుంది, తిరుత్తణి తమిళనాడులో ఉంది కాబట్టి అక్కడ మీకు ఇబ్బందే. నోటిఫికేషన్ వచ్చినప్పుడు స్థానికత నిబంధన పూర్తిగా చదివాకే ఫీజు కట్టండి. కాంట్రాక్టు పనులకు ఆ ఉత్తర్వులతో సంబంధం లేదు. ఒప్పందంలో స్థానికులంటే ఎవరో రాసి ఉంటే అదే లెక్క, రాయకపోతే నగరి చిరునామాతో ఉన్న మీ ఆధార్, రేషన్ కార్డు చూపించి అడగండి.