మావాడు బీటెక్ వద్దంటున్నాడు, బీఎండబ్ల్యూ బాగుచేస్తానంటున్నాడు

ప్రశ్న: మాది పాలకొల్లు. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ రాశాడు. మా తమ్ముడికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. రెండేళ్ళ కిందట వాడు హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ 320డి కొన్నాడు, 2012 మోడల్. అప్పట్నుంచి మావాడికి ఆ బండే లోకం. వీడియోలు చూసి ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు తనే మార్చాడు. మొన్న ఇంజన్ లైట్ వెలిగితే ఆన్‌లైన్‌లో చిన్న స్కానర్ తెప్పించి, ఏదో సెన్సర్ పోయిందని నాలుగు వేలు పెట్టి మార్చాడు. లైట్ మళ్ళీ వెలిగింది. తర్వాత రెండు రోజులు తిండీ నిద్రా మాని, ఇంజన్లోంచి ఒక రబ్బరు గొట్టం పీకి, మా స్నానాల టబ్బులో ముంచి సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. టబ్బు నిండా నల్లటి ఆయిల్! గొట్టానికి పగులుందని కొత్తది వేశాక లైట్ పోయింది. ఇప్పుడు బీటెక్ వద్దు, జర్మన్ కార్ల పని నేర్చుకుంటానంటున్నాడు. ఐదు లక్షలిస్తాను, షెడ్డు పెట్టుకోమని మా తమ్ముడు ఎగదోస్తున్నాడు. వాళ్ళ నాన్నగారు మాట్లాడటం మానేశారు. ఎలక్ట్రిక్ కార్లొచ్చాక ఈ పని మిగులుతుందా? మెకానిక్‌కి పిల్లనెవరిస్తారు?

జవాబు: అమ్మా, మీరు ఫిర్యాదుగా రాసిన టబ్బు సంగతే నాకు మీ ఉత్తరంలో అన్నిటికన్నా నచ్చింది.

ఏం జరిగిందో నాకు అర్థమైనంతవరకు చెబుతాను. గాలిని ఒత్తి ఇంజన్లోకి తోసే పరికరం టర్బో. దాన్నుంచి ఆ రబ్బరు గొట్టంలో ఇంజన్‌కి వెళ్ళాల్సిన గాలి పూర్తి ఒత్తిడితో అందడం లేదు. ఆ సంగతి చెప్పింది సెన్సర్. మీవాడు వెంటనే సెన్సర్నే మార్చాడు. పక్కింటావిడ వచ్చి ‘మీ పెరటి గేటు తీసి ఉంది’ అంటే, గేటు వెయ్యకుండా ఆవిడతో మాటలు మానేసినట్టన్నమాట. స్కానర్ చూపించే కోడ్ అంటే ఇదే. ఎక్కడో తేడా ఉందని చెబుతుంది తప్ప, ఫలానా పార్టు మార్చమని చెప్పదు. ఊళ్ళో స్కానర్ కొన్న ప్రతివాడూ చేసే తప్పే ఇది. కొందరు ఇరవయ్యేళ్ళయినా చేస్తూనే ఉంటారు, బిల్లు మాత్రం బండి ఓనర్ కడతాడు.

రెండో రోజు మీవాడు చేసిన పని వేరు. ‘ఒత్తిడి తగ్గిందంటే గాలి ఎక్కడికో పోతోంది. ఎక్కడికి?’ అనుకున్నాడు. పంక్చర్ షాపులో ట్యూబుని నీళ్ళలో తిప్పుతూ బుడగల కోసం చూసే పద్ధతి గుర్తొచ్చింది. ఆ పద్ధతి అతనికి ఏ వీడియోలోనో దొరికిందో, సొంతంగా తట్టిందో అడిగి చూడండి. సొంతంగా తట్టి ఉంటే నేను ఇంకా సంతోషిస్తాను. మొదటి రోజు చేసింది పార్టులు మార్చేవాడి పని, రెండో రోజు చేసింది మెకానిక్ పని. ఆయిల్ మార్చడం, ప్యాడ్లు మార్చడం నేర్చుకోవడానికి నెల చాలు. వాటిని చూసి నేను ఎవరికీ ఈ దారి పట్టమని చెప్పను.

ఈ కార్లలో పని ఎలా మారిందో మీకు తెలియాలి. జర్మనీలో ఒకప్పుడు బండి మెకానిక్ వేరు, బండి ఎలక్ట్రీషియన్ వేరు. రెండూ వేర్వేరు చదువులు. 2003లో ఆ రెంటినీ కలిపి మెకట్రానిక్స్ పేరుతో ఒకే వృత్తి చేశారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఈ బండ్లలో ఇంజన్‌కి, గేర్‌బాక్స్‌కి, బ్రేకులకి, తలుపులకి, సీట్లకి కూడా వేర్వేరు కంప్యూటర్ పెట్టెలుంటాయి. అవి ఎక్కువగా బాష్ కంపెనీ 1980లలో తెచ్చిన క్యాన్ అనే పద్ధతిలో, జంట తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఎర్త్ తీగ ఒక్కటి తుప్పు పట్టినా డాష్‌బోర్డు మీద పది లైట్లు వెలగొచ్చు. మీ తమ్ముడి బండి రొయ్యల చెరువుల గట్ల మీద, ఉప్పుగాలిలో తిరుగుతోంది కాబట్టి ఇలాంటిది ముందుముందు మీవాడి చేతికే రావచ్చు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. నాకూ ఒక పాత జర్మన్ కారుండేది. బ్యాటరీ పోతే మా వీధి చివరి షెడ్డులో కొత్తది వేయించాను. ఆ షెడ్డు పేరెందుకు లెండి. ఇలాంటి బండ్లు బ్యాటరీ వయసుని లెక్కపెట్టుకుంటూ, దాన్ని బట్టి ఛార్జింగ్ ఇస్తాయి. కొత్తది వేసినప్పుడు స్కానర్‌తో ఆ సంగతి బండికి చెప్పాలి. షెడ్డతను చెప్పలేదు. బండి మాత్రం ముసలి బ్యాటరీయే అనుకుంటూ పాత లెక్కలోనే ఛార్జ్ చేసింది. ఏడాదిన్నర తిరక్కుండా ఆ కొత్త బ్యాటరీ కూడా పోయింది. పానా పట్టడంలో అతని చేతికి వంక పెట్టలేం. తెలియాల్సింది ఆ ఒక్క ముక్క, అదే తెలియలేదు.

కాబట్టి మీవాడు నేర్చుకోవాల్సింది ముందుగా కరెంటు. కరెంటు కొలిచే మల్టీమీటర్ పట్టడం, వైరింగ్ డయాగ్రమ్ చదవడం. ఇంజన్ ఎలాగూ ఇష్టమే కాబట్టి దానంతట అదే వస్తుంది.

ఇంట్లో పని ఆపించకండి. హద్దులు మాత్రం పెట్టండి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి దూరకూడదు, స్టాండ్లు వేశాకే దూరాలి. ఇది మీరు దగ్గరుండి చూడండి, మొహమాటం వద్దు. ఇంజన్‌కి డీజిల్ అందించే కామన్ రైల్ పైపుల్లో ఒత్తిడి 1,000 బార్లు దాటుతుంది (బార్ అంటే ఒత్తిడి కొలత). ఇంజన్ తిరుగుతుండగా ఆ పైపు విప్పితే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఎయిర్‌బ్యాగుల జోలికి వెళ్ళకూడదు. నారింజ రంగు తీగ కనబడితే చెయ్యి వెనక్కి తీసుకోవాలి, అది హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో ప్రాణం తీసే కరెంటు. అతని దగ్గర టార్క్ రెంచ్, అంటే బోల్టుని కొలతగా బిగించే పానా లేకపోతే, మీ తమ్ముడిచ్చే ఐదు లక్షల్లోంచి ముందు అది కొనిపించండి. ఈ ఇంజన్లలో చాలా బోల్టులు ఒక్కసారికే, విప్పితే కొత్తవి వెయ్యాలి. చేతి అంచనాతో బిగిస్తే అల్యూమినియం మర పోతుంది.

ఇంకో మాట మీ తమ్ముడికి చెప్పండి. ఆ మోడల్ డీజిల్ ఇంజన్‌లో టైమింగ్ చైన్ (ఇంజన్ లోపలి భాగాల్ని ఒకే లయలో తిప్పే గొలుసు) ముందువైపు ఉండదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. స్టార్ట్ చేసినప్పుడు ఆ వైపు నుంచి గీకుతున్న చప్పుడొస్తే నడపడం ఆపేసి మంచి వర్క్‌షాపుకి తీసుకెళ్ళాలి. గేర్‌బాక్స్ దించాల్సిన పని, మీ వాకిట్లో అయ్యేది కాదు. చైన్ తెగితే ఇంజన్ పోయినట్టే. మేనల్లుడి మీద ప్రేమతో ఆ పని అతని చేతికివ్వద్దు.

ఇక చదువు. మెర్సిడెస్ కంపెనీ కొన్ని కాలేజీలతో కలిసి నడిపే ఏడాది కోర్సు ఒకటుంది, అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇన్ ఆటోమోటివ్ మెకట్రానిక్స్. పొట్టిగా ఆడమ్ అంటారు. పుణె ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో, తిరువనంతపురం బార్టన్‌హిల్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో నడుస్తూ వచ్చింది. మీవాడు చేరాలనుకునే ఏడాది ఎక్కడెక్కడ ఉందో చూసుకోవాలి. కానీ ఇంటర్ తర్వాత నేరుగా తీసుకోరు, డిప్లొమాగానీ ఇంజనీరింగ్ డిగ్రీగానీ ఉండాలి. అందుకే నా సలహా, పాలిసెట్ రాయించి మూడేళ్ళ ఆటోమొబైల్ డిప్లొమాలో చేర్చండి. పాలిసెట్‌కి కావాల్సింది పదో తరగతి, ఇంటర్ చదివినవాళ్ళూ రాయొచ్చు. ‘ఇంటర్ చదివి మళ్ళీ వెనక్కా’ అని చుట్టాలంటారు. అననివ్వండి. మూడూ ఒకటీ కలిపితే నాలుగేళ్ళు, బీటెక్‌కీ అంతే పడుతుంది. డిప్లొమా అయ్యాక మనసు మారితే, డిప్లొమా వాళ్ళకుండే ఈసెట్ పరీక్ష రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. ఈ మాట వాళ్ళ నాన్నగారికి చెప్పి చూడండి. ఆయన మళ్ళీ మాట్లాడటానికి ఇది పనికొస్తుంది.

అంత ఓపిక లేదంటే ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడు రెండేళ్ళు, ఆ తర్వాత ఏదైనా డీలర్ వర్క్‌షాపులో అప్రెంటిస్. చెడ్డ దారి కాదు గానీ మీవాడికి లెక్కలూ ఫిజిక్సూ వచ్చు కదా, నేనైతే డిప్లొమాకే మొగ్గు చూపిస్తాను. ఏ కాలేజీకి వెళ్ళినా ముందు ల్యాబ్ చూపించమనండి. బీఎండబ్ల్యూ 2018లో స్కిల్ నెక్స్ట్ పేరుతో మన దేశంలో ఇంజనీరింగ్, సాంకేతిక కాలేజీలకి ఇంజన్లు, గేర్‌బాక్సులు ఉచితంగా ఇచ్చింది. అలాంటి ఇంజన్ ఉందా, ఉంటే పిల్లలు విప్పుతున్నారా, గాజు పెట్టెలో పెట్టి దండేశారా చూడండి. నేల మీద గ్రీజు మరకే లేని ఆటోమొబైల్ ల్యాబ్‌ని నేను నమ్మను.

షెడ్డు ఇప్పుడే వద్దు. సామాన్ల ఖరీదు చూసి కాదు. చుట్టం బండిలో సెన్సర్ తప్పుగా మారిస్తే నాలుగు వేలతో పోయింది. బయటి వాళ్ళ ఆడి కారు గేర్‌బాక్స్‌లో తప్పు చేస్తే లక్షల్లో ఉంటుంది, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆ మాట పడలేడు. కంపెనీ వర్క్‌షాపులో మూడు నాలుగేళ్ళు చెయ్యాలి. బీఎండబ్ల్యూకి ఇస్టా, మెర్సిడెస్‌కి జెంట్రీ, ఆడికి ఓడిస్ అని ఎవరి స్కానింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్ళకుంది. వాటిని నేర్చుకునే చోటు అదే. మొదటి జీతం చూస్తే మీకు ఏడుపొస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో చేరిన పక్కింటి కుర్రాడితో పోల్చొద్దు. మొదటి ఏడాది ఎక్కువగా పెద్ద మెకానిక్కులకి సామాన్లందించడమే. సమస్య కనిపెట్టే టెక్నీషియన్ అయ్యాక సంగతి వేరు.

ఆ తర్వాత షెడ్డు నిజంగా మంచి ఆలోచనే. జూబ్లీహిల్స్‌లో కొన్న బండి వారంటీ అయిపోయాక భీమవరం, నెల్లూరు, కరీంనగర్ చేరుతుంది. రెండో ఓనర్‌కి కంపెనీ సర్వీస్ సెంటర్ దూరం, బిల్లు భారం. మీ తమ్ముడే ఉదాహరణ. ఇలాంటివాళ్ళకి నమ్మకస్తుడైన మనిషి ఊళ్ళో దొరకడు. వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్, స్పేర్లూ పరికరాలూ బయటి షెడ్లకి అందకుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. వాటిలో బీఎండబ్ల్యూ, మెర్సిడెస్ కూడా ఉన్నాయి. ఇకపై అవి బయటి షెడ్లకీ అందేలా చూడమని చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, కానీ బయటి మెకానిక్ వైపు నుంచి ఆ మాట గట్టిగా అన్నది అప్పుడే.

ఎలక్ట్రిక్ కార్ల గురించి టెన్షన్ పడకండి. వాటిలో ఆయిల్ మార్పిడి, టైమింగ్ చైన్ ఉండవు. కూలెంట్ పంపులు, ఏసీ, సస్పెన్షన్, బ్రేకులు, ఆ తీగలూ పెట్టెలూ అన్నీ ఉంటాయి. ఆయిల్ మార్చడం ఒక్కటే వచ్చినవాడికి కష్టం. కరెంటు చదివినవాడికి పని పెరుగుతుంది.

జర్మనీ వెళ్తానంటాడు చూడండి, ఇవాళ కాకపోతే వచ్చే ఏడాది. అక్కడ ఔస్‌బిల్డుంగ్ అని మూడున్నరేళ్ళ శిక్షణ ఉంది. వారంలో కొన్ని రోజులు వర్క్‌షాపులో పని, కొన్ని రోజులు బడి. శిక్షణలో ఉండగానే వర్క్‌షాపు నెలనెలా డబ్బిస్తుంది. అందుకే ‘సీటు ఇప్పిస్తాం, లక్షలు కట్టండి’ అనే ఏజెంటు కనబడితే తలుపు వేసెయ్యండి. కావాల్సింది జర్మన్ భాష, కనీసం బీ1 అనే మధ్య స్థాయి. డిప్లొమా మూడేళ్ళలో సాయంత్రాలు నేర్చుకుంటే సరిపోతుంది. వెళ్ళకపోయినా వృథా కాదు, ఈ బండ్ల కాగితాలు చాలావరకు మొదట రాసింది ఆ భాషలోనే.

పిల్లనెవరిస్తారన్నారు. జర్మనీలో సొంతంగా కార్ల వర్క్‌షాపు తెరవాలంటే మామూలుగా మైస్టర్ అనే పెద్ద పరీక్ష పాసై ఉండాలి, ఆ ముక్క పేరు పక్కన ఉంటే ఊళ్ళో గౌరవం. మన దగ్గర ఆ గౌరవం ఇంకా రాలేదు, మీ భయం అబద్ధమని నేననను. కానీ మీ ప్రశ్న ఏడెనిమిదేళ్ళ తర్వాతి సంగతి, పాలిసెట్ మాత్రం ఈ ఎండల్లోనే.

ఈలోగా ఒక పని చేయించండి. మీ తమ్ముడి బండికి ఈసారి ఏం వచ్చినా పానా పట్టే ముందు మీవాణ్ణి నోటు పుస్తకంలో మూడు ముక్కలు రాయమనండి. బండి ఏం చేస్తోంది, కారణం ఏమై ఉంటుందనుకుంటున్నాడు, అది కాదని ఎలా తేల్చుకుంటాడు. అలాంటి నాలుగైదు పేజీలయ్యాక ఫొటోలు తీసి నాకు పంపండి. చదివి, అతనికే నేరుగా రాస్తాను. టబ్బు కొత్తది మాత్రం మీ తమ్ముడి చేత కొనిపించండి, బండి ఆయనది కదా.