ఫారం పంపేశాక గుర్తొచ్చే ప్రశ్నలు

ప్రశ్న: డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను, ప్రాజెక్ట్ చేయాలి. 'విద్యార్థులపై మొబైల్ ప్రభావం' అనే టాపిక్ తీసుకుని నలభై ప్రశ్నలతో గూగుల్ ఫారం చేసి నాకున్న వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాను. 212 మంది నింపారు. ఇప్పుడు మా గైడ్ "ఇంతకీ నీ పరిశోధన ప్రశ్న ఏంటి?" అంటున్నారు. నలభై ఉన్నాయి కదండీ! (ఫారం జతచేశాను.)

జవాబు: నలభై ఉన్నాయి, ఆయన అడుగుతున్న ఆ ఒక్కటే లేదు. మీరు చెప్పింది టాపిక్. ఏ విద్యార్థులు, ఎలాంటి వాడకం, దేనిమీద ప్రభావం అన్నది అందులో తేలలేదు. దాన్నే 'హాస్టల్లో ఉండే డిగ్రీ విద్యార్థులు రాత్రి పక్క మీదికి చేరాక ఫోన్ చూసే సమయానికీ, మర్నాడు మొదటి క్లాసు హాజరుకీ సంబంధం ఉందా?' అని మార్చి చూడండి. ఎవరి దగ్గరికి వెళ్లాలో, ఏం కొలవాలో ఆ వాక్యమే చెప్పేస్తుంది, నలభైలో ముప్పై ప్రశ్నలు వాటంతటవే రాలిపోతాయి.

నేను 'ప్రభావం' తీసేసి 'సంబంధం' అన్నది కావాలనే. ఫోన్ చూడటం వల్ల నిద్ర పట్టడం లేదో, నిద్ర పట్టక ఫోన్ తీస్తున్నారో, అసలు రెండిటికీ వెనకాల పరీక్షల టెన్షన్ ఉందో ఒక్కసారి చేసే సర్వే చెప్పలేదు.

ఇక మీ ఫారంలో ఏడో ప్రశ్న: 'మొబైల్ అతిగా వాడటం వల్ల మీ చదువు, ఆరోగ్యం దెబ్బతింటున్నాయని భావిస్తున్నారా?' 'అతిగా' అనడంతోనే తీర్పు మీరే ఇచ్చేశారు. చదువు పాడై ఆరోగ్యం బాగున్నవాళ్లు అవునని టిక్ పెట్టాలా, కాదని పెట్టాలా? పైగా ఇది వాడకాన్ని కొలవదు, వాడకం మీద వాళ్ల అభిప్రాయాన్ని అడుగుతోంది. దాని బదులు 'నిన్న రాత్రి ఫోన్ పక్కన పెట్టేసరికి టైమ్ ఎంతయింది?' అని అడగండి. ఇంకా మంచిది, వాళ్ల ఫోన్ సెట్టింగ్స్‌లోనే స్క్రీన్ టైమ్ కనిపిస్తుంది, ఆ అంకె చూసి రాయమనండి. 'తరచుగా', 'అప్పుడప్పుడు' లాంటి మాటలకు ఒక్కొక్కరిది ఒక్కో లెక్క.

ఒక్క మాట మారితే ఏమవుతుందిలే అనుకోకండి. 1941లో అమెరికాలో డొనాల్డ్ రగ్ అనే పరిశోధకుడు వెల్లడించిన ఫలితాలు చూడండి. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలను 'అనుమతించాలా' అని కొందరిని అడిగారు, 'నిషేధించాలా' అని ఇంకొందరిని అడిగారు. అనుమతించకూడదన్నవాళ్లు 62 శాతం, నిషేధించాలన్నవాళ్లు 46 శాతమే. రెండిటి సారాంశం ఒకటే కదా!

కొత్త ఫారం గ్రూపులో పెట్టేముందు ఐదుగురి చేత మీ ఎదుటే నింపించండి. ఎక్కడ వేలు ఆగుతుందో, ఎక్కడ 'దీనర్థం ఏంటి?' అని మీ మొహం చూస్తారో ఆ ప్రశ్న బాగాలేదన్నట్టే.

ప్రశ్న: శాంపిల్ ఎంత పెద్దదైతే అంత నమ్మకం అని మా సీనియర్ అన్నారు. 212ని 500 చేస్తే సరిపోతుందా?

జవాబు: మీ సీనియర్ చెప్పింది సగమే నిజం. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపితే సుమారు 24 లక్షలు తిరిగొచ్చాయి. అవి లెక్కపెట్టి రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని రాసింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌వే! అడ్రసులు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచీ తీసుకున్నారు, ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరో చెప్పక్కర్లేదు. అది ఒక్కటే కాదు, బ్యాలెట్ తిరిగి పంపే ఓపిక ఏ పక్షం వాళ్లకు ఎక్కువుంది అన్నదీ లెక్క తప్పించింది. అంతకంటే ఎంతో చిన్న శాంపిల్‌తో గాలప్ అనే సర్వే నిపుణుడు విజేతను సరిగ్గా చెప్పాడు.

మీ సంగతికొద్దాం. ఫోన్ వాడకం గురించిన సర్వే వాట్సాప్‌లో పెడితే నింపేది ఎవరు? ఎప్పుడూ ఫోన్ చేతిలో ఉండేవాళ్లే. 500 చేసినా, 5,000 చేసినా అదే వంకర. హాస్టల్ రోల్ లిస్టు సంపాదించి, మొదటి పేరు లాటరీ తీసి, అక్కడి నుంచి ప్రతి పదో పేరూ తీసుకోండి. గదిలో దొరకనివాళ్ల కోసం రెండోసారి వెళ్లండి, పక్క గదివాడితో సరిపెట్టకండి. సరిగ్గా యాదృచ్ఛికంగా తీసిన 400 మందితో, 95 శాతం నమ్మకంతో (అంటే ఇలాంటి వంద సర్వేలు చేస్తే 95 సార్లు), మీకొచ్చిన శాతం అసలు శాతానికి సుమారు 5 అటూ ఇటూగా ఉంటుందని చెప్పొచ్చు. అంత టైమ్ లేదంటే 'అందుబాటులో ఉన్నవారినే అడిగాను' అని రిపోర్టులో రాసేసి, 'విద్యార్థులు' అన్న చోటల్లా 'జవాబిచ్చిన విద్యార్థులు' అనండి. వైవాలో సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

ప్రశ్న: పన్నెండు మందితో ఇంటర్వ్యూలు చేశాను. దీన్ని పరిశోధన అంటారా?

జవాబు: ఎందుకు అనరు? ఎలా, ఎందుకు అని తెలుసుకోవడానికి అదే దారి. కాకపోతే తొమ్మిది మందిని '75 శాతం' అని రాయకండి. ఇంకోటి, మనుషులు చెప్పేదీ చేసేదీ ఒకటే అనుకోకండి. 1930ల మొదట్లో లాపియర్ అనే సమాజశాస్త్రవేత్త ఒక చైనీయ దంపతులతో కలిసి అమెరికాలో తిరిగాడు. 251 హోటళ్లు, రెస్టారెంట్లు వగైరాల్లో కాదు పొమ్మన్నది ఒక్కచోటే. నెలల తర్వాత, చైనీయులను రానిస్తారా అని ఉత్తరాలు రాస్తే జవాబిచ్చినవాళ్లలో 90 శాతానికి పైగా 'రానివ్వం' అన్నారు! కౌంటర్ దగ్గర నిలబడినవారూ ఉత్తరానికి జవాబు రాసినవారూ ఒకరేనా అని తర్వాతివాళ్లు అడిగారు, అదీ న్యాయమైన ప్రశ్నే.

ప్రశ్న: నా హైపోథిసిస్ (ముందుగా వేసుకున్న ఊహ) తప్పని తేలింది. డేటా కొంచెం సరిచేయవచ్చా?

జవాబు: వద్దు. సంబంధం కనిపించలేదని రాయండి, అదీ ఫలితమే. ఫలితం చూశాక హైపోథిసిస్ మార్చేసి, మొదటి నుంచీ అదే అనుకున్నట్టు రాయడమూ వద్దు.