రుమాని చెట్టు కొట్టించే ముందు

చి. అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఉలవపాడు తోటలో రుమాని మామిడి చెట్టు కట్టెలకు బేరం పెట్టావని మీ అమ్మ చెప్పింది. చెట్టు నీది, కొట్టొద్దని నేననను. ఈ ఒక్క వానాకాలం ఆగి, దాని కొమ్మలతో అంటు మొక్కలు నాలుగు కట్టుకో.

నీ లెక్క నాకు తెలుసులే. హైవే మీద కారు ఆపేవాళ్లంతా బంగినపల్లే అడుగుతారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చె. రుమాని ఆపిల్‌లా గుండ్రంగా, ముక్కు లేకుండా ఉంటుంది. కొత్తవాళ్లు ఇది మామిడేనా అని తిప్పి తిప్పి చూస్తారు. తోలు పలుచన, దూరం లారీలో పోతే నలుగుతుంది. అమ్మకానికైతే నేనూ బంగినపల్లే వేస్తాను.

ఇంటికి మాత్రం రుమాని ఉండాల్సిందే. మాగిన కాయ తొడిమ దగ్గర గోరు పెడితే చాలు, తోలు ఊడొస్తుంది, రసం మోచేతి దాకా కారుతుంది. బంగినపల్లి అయిపోవచ్చే వేళకు ఇది అందుకుంటుంది. సంగారెడ్డిలో మంజీర అనే హైబ్రిడ్ మామిడి తీసినప్పుడు నీలం రకంతో కలపడానికి ఎంచుకున్నది దీన్నే. అంత గుణం లేనిదే ఎంచుకుంటారా?

టెంక పాతితే సరిపోదా అంటావేమో. దాని నుంచి తల్లి లాంటి చెట్టే వస్తుందన్న నమ్మకం లేదు. నర్సరీలో కొందామంటే, కాసేదాకా అది రుమానో కాదో ఎవడికెరుక!

అందుకని టెంక అంటు కట్టు. నాటు మామిడి టెంకలు తాజావి తెచ్చి వెంటనే ఇసుక మడిలో పెట్టు. నిలవుంటే లోపలి జీడి చచ్చిపోతుంది. టెంక మొలిచి తల ఎత్తగానే రుమాని చెట్టెక్కి మూడు నాలుగు నెలల వయసున్న కొమ్మ కొసలు చూసుకో. మొలక కాడంత లావే ఉండాలి. వాటి ఆకులు తుంచి, కాడలు మాత్రం ఉంచు. వారం పది రోజుల్లో కొసన మొగ్గ ఉబ్బుతుంది. ఈలోగా మొలక ఆకులు రాగిరంగులో ఉంటాయి. అదే అదను. ఆకు పచ్చబడితే అంటు సరిగా పట్టదు.

మొలక తల కోసి కాడను నిలువునా చీల్చు. మొగ్గ ఉబ్బిన రుమాని కొస కోసి తెచ్చి, ఆ పుల్ల మొదలును రెండు వైపులా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలో దింపు. బెరడుకు బెరడు ఒక పక్కనైనా కలవాలి, అసలు కిటుకు అదే. పాలిథిన్ పట్టీతో బిగించి నీడలో పెట్టు. కత్తి మొండిదైతే ఆ పని జోలికే పోవద్దు. రెండు మూడు వారాల్లో చిగురేస్తే బతికినట్టే. అన్నీ బతకవు, నాలుగు కావాలంటే పది కట్టు.

వచ్చే ఏడు వానలకు నాటు. అంటు కట్టిన చోటు మట్టిలో పూడకూడదు. దాని కింద నుంచి వచ్చే చిగుళ్లు నాటువి, కనపడగానే గిల్లెయ్. మొదటి మూడేళ్లు పూత వస్తే తుంచెయ్, మనసు చంపుకోవాల్సిందే. తర్వాత పూతను పీల్చే తేనెమంచు పురుగు సంగతి నీకు తెలిసిందే. వానల్లో పండే కాయ కాబట్టి పండు ఈగకు మాత్రం ఎర బుట్టలు కట్టుకో.

ఆకులు తుంచిన రోజు ఫోన్ చెయ్. పది రోజులకు కందుకూరు బస్సెక్కి వస్తాను, మొదటి రెండూ నేను కట్టి చూపిస్తా.

మీ మామయ్య